ఐల్సా కుడిచెయ్యి

రెండడుగుల దూరం. పసిపిల్ల కూడా బంతిని గుంతలో వేసేస్తుంది.

ఐల్సా కినియర్ బంతిని గుంతలోకి దొర్లించే కర్రను, పట్టర్‌ను, వెనక్కి తీసి ముందుకు తెచ్చింది. బంతిని తాకబోయే క్షణంలో, ఎవరో మోచేతి మీద చరిచినట్టు కుడిచెయ్యి ఎగిరిపడింది. బంతి గుంతను దాటి అయిదడుగులు పోయింది.

జోడీగా ఆడుతున్న నెట్టా చటుక్కున మొహం తిప్పేసుకుంది.

ఫైఫ్ తీరంలోని ఆ ఊళ్లో నడక నేర్వకముందే గోల్ఫ్ కర్ర పట్టుకుంటారు. బంతి కొట్టబోతే ఇలా చెయ్యి ఎగిరిపడే జబ్బు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. రాత్రిపూట పామును పురుగు అన్నట్టు, 'అది' అని ఊరుకుంటారు. అదొచ్చినవాళ్లు బంతి కొడుతుంటే చూడరు కూడా. చూస్తే అంటుకుంటుందట! ఎంత మొనగాడికైనా అదొచ్చిందంటే ఆట అయిపోయినట్టే.

"అదేనంటావటే?" వానకోటు గుండీలు పెట్టుకుంటూ గొంతు తగ్గించి అడిగింది నెట్టా.

"అదే అయితే..." ఐల్సా పట్టర్‌ను సంచిలోకి తోసింది.

"శనివారం ఫైనల్ పెట్టుకుని ఏమిటే ఈ ఖర్మ! పోనీ డాక్టరుకు చూపించుకోరాదూ?"

"డాక్టరు మాటెత్తావంటే నీకూ నాకూ చెడుతుంది."

ఇరవయ్యేళ్ల స్నేహంలో ఐల్సా అలా కసరడం అదే మొదలు.

ఐల్సాకు యాభై ఒకటి. ఈ భయం పట్టుకుని పది రోజులైంది. అల్లిక సంచి తీసుకెళ్లి అటక మీద పడేసింది. భోజనాల దగ్గర కుడిచేతిని ఒళ్లో దాచుకుంటోంది. మొగుడు అడిగితే బెణికిందని బొంకింది. నెట్టాతో ఆడిన మర్నాడు పొద్దున పక్క ఊరి బస్సెక్కి, చేతిని మోకాలి మీద పెట్టుకుని, దొంగకు కాపలా కాస్తున్నట్టు దానికేసే చూస్తూ కూర్చుంది.

పక్క ఊళ్లో వాటీ లమ్స్‌డెన్ ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. పట్టర్లు చెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

"రా అమ్మాయ్, తడిసిపోయావు. టీ తాగు."

"సగం కప్పు చాలండీ."

"సగమేమిటి? నన్ను మరీ పిసినారిని చేస్తావా?"

"మా పుట్టింటి అలవాటు. సగమే పొయ్యండి." ఎడంచేత్తో అందుకుంది.

వాటీ ఆమె పాత పట్టర్‌ను తిప్పి చూశాడు. "ఇది నేను మీ నాన్నకు చేసిందేగా! బంగారంలా ఆడేవాడు. ఎందుకు మానేశాడో ఏమో."

"ఓపిక లేక." ఐల్సా తల దించుకుంది. "వాటీ గారూ, తప్పు కర్రదైతే చెప్పండి, నాదైతే చెప్పండి. ఈ రోజు తేలిపోవాలి."

"తేలుద్దాంలే. ముందు మణికట్టు బిగించు. భుజాలతో ఊపు."

కొట్టులో పొడుగాటి తివాచీ, దాని చివర పడుకోబెట్టిన గాజుగ్లాసు. అదే గుంత. తేలిక పట్టర్ ఇచ్చాడు. చెయ్యి ఎగిరింది. బరువుది ఇచ్చాడు. ఎగిరింది. పొడుగుది, పొట్టిది, పిడి లావుది, ఇత్తడి తలది... పదకొండు అయ్యాయి. పన్నెండోది ఎవరికీ అమ్మనని గోడకు తగిలించుకున్నది. దానితో కొట్టిన బంతి పొయ్యి కాలికి తగిలి బల్ల కిందికి దూరింది.

ఐల్సా వీపంతా చెమట.

వాటీ గడ్డం గోక్కున్నాడు. వంగి మరో బంతి పెట్టాడు.

"కళ్లు మూసుకుని ఊపు."

ఊపింది. చెయ్యి ఉయ్యాలలా వెళ్లొచ్చింది.

"మళ్లీ."

పదిసార్లు ఊపింది. పదిసార్లూ వణుకూ లేదు, కుదుపూ లేదు.

"కళ్లు తెరువు."

బంతి వాటీ అరచేతిలో ఉంది. ఎప్పుడు తీసేశాడో తీసేశాడు.

"ఇప్పుడు కళ్లు తెరిచే ఊపు. బంతి లేకుండా."

నున్నగా వచ్చింది. బంతి పెట్టాడు. చెయ్యి ఎగిరిపడింది. తీశాడు. మళ్లీ నున్నగా వచ్చింది.

వాటీ నిట్టూర్చి, ఆమెను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూలబడ్డాడు. ఈ కబురు చాలామందికి చెప్పాడాయన. కొండల్లాంటి మగాళ్లు ఆ ముక్కాలి పీట మీదే కూర్చుని భోరుమన్నారు. అందుకే సొరుగులో ఎప్పుడూ ఉతికిన చేతిరుమాలు ఒకటి ఉంచుతాడు. దాన్ని బయటికి తీశాడు.

"తల్లీ, నా కర్రలేవీ నీకు పనికిరావు. అదే వచ్చింది నీకు. బంతి ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. నలభయ్యేళ్లుగా చూస్తున్నాను. పోయేది కాదు."

"అదేనా? ఇంకేదీ కాదుగా?"

"ఇంకేదీ కాదు."

"ఒట్టెయ్యండి."

"నా కొట్టు మీద ఒట్టు."

ఐల్సా పీట మీంచి ఒక్క గెంతు గెంతి, ఆ ముసలాయన బట్టతల మీద ముద్దు పెట్టేసింది. నవ్వుతోంది. ఏడుస్తోంది. వాటీకి కంగారు పుట్టి, బరువైన పట్టర్లను ఆమెకు అందకుండా వెనక్కి జరిపాడు.

"శనివారం ఫైనల్ గంగలో కలిసిందే పిచ్చితల్లీ!"

"కలవనివ్వండి! ముందు నాకు టీ పొయ్యండి. నిండుగా, అంచు దాకా!"

పోశాడు. కుడిచేత్తో తీసుకుంది. చుక్క తొణకలేదు.

వాళ్ల నాన్న చెయ్యి బంతి ఉన్నా లేకపోయినా వణికేది. యాభై రెండో ఏట ఆ వణుకు మొదలైంది లగాయతు ఆయన పోయేదాకా, అమ్మ ఏనాడూ ఆయనకు సగం కప్పుకు మించి టీ పోయలేదు.