ఢెంకిలో సగం

ఖగేశ్వర్ గొడ్డలి ఎత్తగానే పెరట్లో కోళ్లు పక్క ఊరిదాకా పరుగెత్తాయి. అన్నదమ్ముల పొయ్యిలు వేరుపడ్డాయి, కుండలు పంచుకున్నారు. కాలితో తొక్కి వడ్లు దంచే ఢెంకి మిగిలింది.

"నరికి నా సగం తీసుకుంటా. తప్పుకో వదినా!"

తొక్కే కొసన నిలబడ్డ సుకాంతి కదల్లేదు. "సగం ఢెంకితో పళ్లు తోముకుంటావా మరిదీ?"

ఒక్క వేటుకు ఢెంకి నుంచి చెక్క పేడు ఎగిరింది. అడ్డొచ్చిన పెళ్లాం కుముదను గుద్దాడు. పెదవి పగిలింది.

"ఆ రాక్షసి వదిన నిన్ను కాలికింద నలిపేస్తుందే, పిచ్చిదానా!"

కుముద నెత్తురు తుడుచుకుని రోకలి కింద, సగం దంచిన వడ్ల గుంటలో చెయ్యి పెట్టింది. "తొక్కు అక్కా."

రోకలి లేచి ధడేలున పడింది. ఖగేశ్వర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కుముద చెయ్యి బయట ఉంది, గుప్పిట నిండా బియ్యంతో.

"పదకొండేళ్లుగా అక్క కాలికింద వడ్లు ఎగదోస్తున్నా. ఒక్క గోరూ నల్లబడలేదు. మరి నీ చేతికింద?"

గొడ్డలి దించాడు గానీ, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఖగేశ్వర్‌కు తెలియలేదు.