వెలుగు కింద ఈల

ఎవరో ఈల వేశారు.

రిస్తెన్ గబుక్కున తలెత్తి ఆకాశంకేసి చూసింది.

నెత్తిన ధ్రువకాంతి ఆకుపచ్చ తెరలు తెరలుగా ఊగుతోంది. ఉత్తరధ్రువం దగ్గరి ఊరు; మధ్యాహ్నమే అయినా చలికాలపు చీకటి. రేడియోలో ఒకటే మాట: సూర్యుడి నుంచి అయస్కాంత తుపాను తాకింది, జీపీఎస్‌ను నమ్మకండి.

ఆ మాట వినకుండానే ఆమె భర్త ఐలో మంచుస్కూటర్ ఎక్కాడు, తప్పిపోయిన రెయిన్‌డీర్ల కోసం. వెళ్తూ వెళ్తూ కొత్త పెళ్లాం కాఫీ సగం తాగేసి, నవ్వి మరీ వెళ్లాడు.

ఇప్పుడు ఊరి బయట మైదానమంతా నేలబారున మంచుధూళి. పైన చుక్కలు కనిపిస్తున్నాయి, కింద పక్కనున్న మనిషి కనిపించడు. ఫోను కలవడం లేదు. వెతకబోయిన వాళ్లూ వెనక్కొచ్చేశారు.

మళ్లీ ఈల. పొడుగ్గా, చెవులు చిల్లులు పడేలా.

"ఎవడమ్మా వాడు?" అత్తగారు ఎల్లె బయటికొచ్చింది. "పైవెలుగు ఉండగా ఈలేంటి? దిగొచ్చి మనుషుల్ని ఎత్తుకుపోతుందని తెలీదూ!"

ఆగిన బస్సు పక్కన, దిబ్బ మీద ఒక ముసలాయన. నోట్లో రెండు వేళ్లు.

రిస్తెన్ పరిగెత్తింది.

"ఆపు పెద్దాయనా! మా ఆయన ఆ వెలుగు కిందే ఉన్నాడు."

"తెలుసమ్మా. డ్రైవరు చెప్పాడు. అందుకే..."

"అందుకని వెక్కిరిస్తున్నావా? ఏ పట్నం నుంచి ఊడిపడ్డావ్?"

"ఇంకొంచెం సేపు వెయ్యనీ తల్లీ."

ఆమె ఆయన చెయ్యి లాగేసింది. అది వణుకుతోంది.

"తాగినట్టున్నాడు," అంది ఎల్లె.

ఇద్దరూ కలిసి ఆయన్ని బస్సులోకి నెట్టారు. బస్సు వెళ్లిపోయింది.

ఆ తర్వాత గాలి చప్పుడే. వెలుగు ఎర్రబడింది. రిస్తెన్ గడప వదల్లేదు.

ఎంతోసేపటికి ఐలో వచ్చాడు. కాలినడకన. కనుబొమలు గడ్డకట్టి ఉన్నాయి.

"స్కూటర్ మొరాయించింది. జీపీఎస్ ఏమో సరస్సు నడిమధ్యలో ఉన్నానంటుంది! ఈల వినబడబట్టి అటే నడిచాను. ఊళ్లోకి వచ్చేస్తున్నాననగా ఆగిపోయిందే! అక్కడక్కడే గుండ్రంగా తిరిగాను. వేళ్లు చూడు."

రెండు వేళ్లు మైనంలా తెల్లబడ్డాయి. తట్టినా తెలియడం లేదు.

"ఎవరు వేశారు రిస్తెన్?"

ఆమె బస్సు పోయిన దారికేసి చూసింది.

మర్నాడు ఫ్లాస్కుతో బస్సుకు ఎదురెళ్లింది.

"నిన్నటి తాత ఎక్కడ దిగాడన్నా?"

"విమానాశ్రయంలో. దక్షిణాన కూతురింటికి వెళ్లిపోయాడు. ఇక రాడు."

"తాగి ఉన్నాడా?"

"తాగడమా! కర్టెన్ వేసుకుని, మోకాళ్లలో తల దూర్చి, దారంతా ఒకటే వణుకు. చిన్నప్పుడు ఆయన తమ్ముడు ఈల వేస్తే పైవెలుగు ఎత్తుకుపోయిందట. అది కనబడని ఊరికి పారిపోవడానికే నిన్న నా బస్సెక్కాడమ్మా."