ఖాళీ ఎస్సెస్డీ

లాప్‌టాప్ వెనక మూత తీశాక ఐజాజ్‌కి ఏది ఏమిటో అర్థం కాలేదు. బెంగళూరులో అతను రాసేది ఆసుపత్రుల బిల్లుల సాఫ్ట్‌వేర్. లాప్‌టాప్ కడుపులో ఏముంటుందో చూడటం ఇదే మొదలు.

ఇదంతా హజ్రా బీ ఖాలా చేసిన పని. సెలవుకి నరసరావుపేట వచ్చినవాణ్ణి పట్టుకుని, "ఇమాం సాహెబ్ వాళ్ళ కంప్యూటర్ లేవట్లేదంట. రేపు వాళ్ళమ్మాయి జెబాకి ఆన్‌లైన్ పరీక్షంట. కంప్యూటర్లు చదివినోడివేగా, పోయి చూద్దాం పదరా" అంది.

"నాకు రిపేర్లు రావు ఖాలా" అంటే వింటేనా!

"మా అక్క కొడుక్కి రానిది లేదని చెప్పొచ్చా. నా పరువు తీస్తావా ఏంది?" అని ఇస్త్రీ చొక్కా వేయించి మరీ వెంటబెట్టుకొచ్చింది.

ఇప్పుడు ఆవిడ పరువంతా బల్ల మీద మూత తెరుచుకుని పడుంది.

"లోపల అన్నీ దాచుకునే పాత డ్రైవు చెడిపోయింది. ఈ కొత్త ఎస్సెస్డీ బిగించి, విండోస్ ఎక్కించాలి" అంటూ జెబా ఒక చిన్న పెట్టె, పెన్‌డ్రైవు, స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టింది. స్క్రూలు వేసుకోవడానికి స్టీలు గిన్నె కూడా తెచ్చింది.

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు ఇమాం సాహెబ్. ఆయనది బస్టాండు దగ్గర మోటారు వైండింగ్ షాపు. ఎవరు ఏ పని చేస్తున్నా ఆయన చూసేది ముఖం కాదు, వేళ్ళు.

"ఇంతకుముందు ఇద్దరొచ్చి చూశారు బాబూ. ఒకాయన బోర్డు పోయిందన్నాడు. ఇంకొకాయన ఇది పారేసి వేరేది కొనమన్నాడు. నువ్వేమంటావు?"

ఐజాజ్ పెట్టె విప్పాడు. ఎస్సెస్డీని దాని చోట పెట్టి స్క్రూ తిప్పాడు. ఆ స్క్రూ తల బాగా అరిగిపోయి ఉంది. కొత్త డ్రైవుకి పాత స్క్రూ కాబోలు అనుకున్నాడు.

పెన్‌డ్రైవు గుచ్చి ఆన్ చేశాడు. విండోస్ ఎందులో ఎక్కించాలో చూపించాల్సిన చోట ఏమీ లేదు. ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. మళ్ళీ అంతే. అసలు డ్రైవే లేదంటోంది.

"మావోడికి ఇదొక లెక్కా!" అంది ఖాలా, మిరపకాయ బజ్జీ కొరుకుతూ.

బోర్డు పోయిందని తనూ అనేస్తే? మర్యాదగా ఇంటికి పోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తలెత్తి చూస్తే జెబా రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పాపం, పరీక్ష!

"చాచా, నిజం చెప్తా. ఈ పని నాకు రాదు. ఎప్పుడూ చెయ్యలా. మీరు సరేనంటే ఫోన్‌లో చూసి, నేర్చుకుని చేస్తా."

బజ్జీ ఖాలా నోటి దగ్గరే ఆగిపోయింది. "ఒరేయ్!"

ఇమాం సాహెబ్ కూతురి వంక చూశాడు. తర్వాత, "చెయ్యి బాబూ. నిన్నెవరు తరుముతున్నారు?" అన్నాడు.

ఫోన్‌లో ఎవరో చెప్పినట్టే ఎస్సెస్డీని ఊడదీసి, గట్టిగా నొక్కి, మళ్ళీ బిగించాడు. ఈసారి తెర మీద డ్రైవు కనిపించింది. శాతాలు ఎక్కడం మొదలైంది. వాటితోపాటే ఇమాం సాహెబ్ ప్రశ్నలూ ఎక్కాయి.

"బెంగళూరులో వంటెవరు చేస్తారు?"

"నేనే చాచా."

"తినేటట్టు ఉంటదా?"

"ఇప్పటిదాకా బతికే ఉన్నా."

జెబా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. అక్కణ్ణించి నవ్వు వినిపించింది.

చివరికి తెరంతా నీలంగా వెలిగింది. "లేచింది ఖాలా!" అని ఐజాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఖాలా రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. పోయిన పరువు వడ్డీతో సహా వచ్చింది మరి.

"రేపు పరీక్ష బాగా రాయండి" అన్నాడు జెబాతో.

ఏ పరీక్ష అన్నట్టు చూసింది జెబా. ఖాలా దగ్గింది. జెబా గబగబా తలూపింది.

గుమ్మం బయట అతను చెప్పులేసుకుంటుంటే లోపల్నించి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"అబ్బాజాన్, ఈసారి డ్రైవు చెరిపేసి మళ్ళీ పెట్టెలో పెట్టను, రేపు దీన్ని బాగుచెయ్యడానికి రావాల్సిన మాచర్ల పెళ్ళికొడుకును ఇంక రావద్దని ఫోన్ చెయ్యండి."