వనజాక్షి వాళ్ళమ్మ మిషను

తుప్పు వదలగొట్టాలి. తెగిపోయిన తోలు బెల్టు మార్చాలి. షటిల్లో ఇరుక్కున్న సూదిముక్క తీయాలి. దారం తెగకుండా చూడాలి. ఒక రవిక కుట్టి చూడాలి. ఆసుపత్రి సంగతి ఆ తర్వాతే.

మంచం మీద పడుకుని వనజాక్షి చెప్పిన పనులు విని, పెంచల్ చేతిలోని పానా కింద పడేశాడు.

"వరస తిరగేసి చెప్తుండావు మే. కడుపులో గడ్డ పెట్టుకోని మిషనంటావేంది? ముందు ఆపరేషను. ఈ ఇనప ముక్క యాడికి పోతాది?"

"ఆపరేషనయినాక చేపల బుట్ట నెత్తిన పెట్టుకోని ఊళ్ళు తిరగలేను కదా. కూర్చోని కుట్టుకుంటా. దానికి మిషను తయారుగా ఉండాల."

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బాగుచేస్తాలే."

"ఇది తిరగందే నేను గడప దాటను."

పెంచల్ తల్లి గురవమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నెల్లూరులో కోడలిని డాక్టరుకు చూపించుకొచ్చింది ఆమే. అప్పుడు పెంచల్ సముద్రంలో చేపల వేటలో ఉన్నాడు. గడ్డ ఉందని, ఆపరేషను చేయాలన్నారని అతను ఒడ్డుకొచ్చాక అత్తాకోడళ్ళు చెప్పారు.

"పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే అదొక్కటి," అంది గురవమ్మ. "అమ్మా పోయె, అన్నా పోయె, ఆ ఇల్లూ పోయె. మిగిలిన మిషనేమో ఉప్పుగాలికి తుప్పు పట్టె."

"అందుకే కదత్తా బాగుచేయమనేది," అని కోడలు నవ్వింది.

సోమవారం నెల్లూరు పోవాల్సిందేనని పెంచల్ పట్టు. అప్పటికి మిషను తిరగాలి. బోటు ఇంజను విప్పి బిగించే చేతులకు ఇదెంత అనుకున్నాడు. డీజిల్లో గుడ్డ తడిపి తుప్పంతా రుద్దాడు. సూదిముక్క లాగాడు. చక్రం కీచుమంటూ కదిలింది. ఆ సంతోషంలో ఇంజనుకు పెట్టే గ్రీజు ప్రతి సందులో దట్టంగా కూరాడు. చక్రం మళ్ళీ బిగుసుకుపోయింది.

"అది బోటనుకున్నావా?" అంది వనజాక్షి. "పలచని మిషను నూనె. సందుకొక చుక్క. అంతే."

గొణుక్కుంటూ గ్రీజంతా తుడిచి నూనె వేశాడు. కొత్త సూది బిగించి, కొత్త బెల్టు తగిలించి తొక్కాడు. నాలుగు కుట్లు పడి దారం పుటుక్కుమంది. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ తెగింది. విసురుగా లేచిపోయి, వల బాగుచేసే నైలాను దారం తెచ్చాడు.

"ఇది సొరచేప లాగినా తెగదు, చూడు."

నిజంగానే తెగలేదు. కిందికిపోయి షటిల్‌కు చుట్టుకుని, మిషన్నే ఆపేసింది.

వనజాక్షి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ముఖం మారిపోయింది. పెదవి కొరుక్కుని గోడవైపు తిరిగింది. పెంచల్ పరుగున వచ్చాడు.

"నన్ను కాదు, సూదిని చూడు," అంది, ఊపిరి కూడదీసుకుని. "వెనకాముందు పెట్టినావేమో."

అదే తప్పు. సూది తిప్పి బిగించి, మామూలు దారం ఎక్కించాక కుట్టు చీమల బారులా సాగింది. గురవమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

వనజాక్షి పక్కకు ఒత్తిగిలి పసుప్పచ్చ గుడ్డను తానే కత్తిరించింది. కాళ్ళు వాచి ఉన్నాయి, తొక్కడం ఆమెవల్ల కాదు. పెంచల్ కూర్చున్నాడు.

"మగోడు రవిక కుడతన్నాడంటే రేవులో నవ్వుతారు మే."

"నవ్వనీ. వీపు పక్క కుట్టొద్దు. తెరిచిపెట్టి తాళ్ళు వెయ్యి."

"ఇదేం రవిక?"

"కోసినాక లేచి కూర్చోలేను కదా. పడుకోనుంటే ముందు నుంచి తొడిగేదానికి సులువు."

"ఎవరు తొడుగుతారు?"

"అత్త తొడుగుతాది."

గుమ్మంలో ఉన్న గురవమ్మ వాకిట్లోకి పోయి, అప్పటికే తిరగేసిన ఎండుచేపల్ని మళ్ళీ తిరగేసింది.

ఆదివారం పొద్దుగూకేసరికి రవిక పూర్తయింది. చంకల దగ్గర కుట్టు వంకర పోయింది. వనజాక్షి దాని వెంబడి వేలు పోనిచ్చి చూసి, మడిచి, మిషను సొరుగులో పెట్టమంది.

"సరే, ఇంక నీ మాటే. పొద్దున్నే ఆటో పిలువు."

ఆటో వచ్చింది. అప్పటికే ఆమె ఒళ్ళు చల్లబడింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టారు. వాళ్ళలో పెద్దామె అడిగింది: "పుణ్యస్త్రీగా పోయింది. పుట్టింటోళ్ళ గుడ్డ ఒంటిమీద పడందే లేపకూడదు. వాళ్ళ తరఫున ఎవరన్నా ఉండారా?"

"ఎవరూ లేరు," అన్నాడు పెంచల్ గోడకు ఆనుకుని. "నేనే చంపుకున్నా. ఈ మిషను ముందేసుకుని కూర్చోకుండా ఆపరేషను చేయించి ఉంటే..."

గురవమ్మ లేచి మిషను సొరుగు లాగింది.

"ఆపరేషను లేదురా. కడుపంతా పాకిపోయింది, కత్తి పెట్టినా లాభం లేదని డాక్టరు ఆరోజే చెప్పినాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకునింది." పసుప్పచ్చ రవికను విప్పి పట్టుకుంది. "వాళ్ళమ్మ మిషను మీద కుట్టింది ఇది. పుట్టింటి గుడ్డే."

వీపున తెరిచి ఉన్న రవిక, పడుకున్న మనిషికి ముందు నుంచి సులువుగా ఎక్కింది.

మీ ఇంట అటక మీద పాత మిషనేదైనా ఉంటే, దాని మీద దుమ్ము తుడిచేటప్పుడు వనజాక్షిని ఒక్కసారి తలుచుకోండి. పుట్టింటి వాళ్ళు ఎవరూ రారని తెలిసి, తన కడపటి సారెను తానే కత్తిరించి మొగుడి చేత కుట్టించుకున్న మనిషి ఆమె.