రెండో చెయ్యి

దర్జీ తాత చొక్కా చేతులు రెండూ భుజాల దాకా మడిచి నర్సు ముందు కూర్చున్నాడు.

"ఒక చెయ్యి చాలు తాతగారూ," అంది నర్సు.

"కుడిచేతికి నాది, ఎడమచేతికి మా ఆవిడది. రెండూ పొడిచెయ్యి తల్లీ."

వెనక వరసలో బట్టతలాయన కిసుక్కుమన్నాడు. "ఫ్లూ టీకా కూడా ఒకటి కొంటే ఒకటి ఉచితమా మాస్టారూ?"

తాతకి నోట్లో నాలుక బదులు కత్తెర ఉందని పేరు. ఇవాళ అది ఆడలేదు.

"ఆవిడ రాలేదా?" అడిగింది నర్సు.

"ఆస్పత్రిలో ఉంది. జ్వరం. ముక్కుకి గొట్టం. అందుకే నేనొచ్చా. మనిషి రాలేకపోతే, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న వాళ్ల తమ్ముణ్ణి నిలబెట్టి కొలత తీసేవాణ్ణి. ఒక్క చొక్కా తిరిగి రాలేదమ్మా!"

నర్సు సూది కింద పెట్టింది. "ఎవరి టీకా వాళ్ల ఒంటికే తాతగారూ. మీది వేస్తా. మీ నుంచి ఆవిడకి అంటుకునే భయం కొంత తగ్గుతుంది. ఆవిడకి జ్వరం తగ్గాక తీసుకురండి."

"తగ్గుతుందా తల్లీ?"

నర్సు దూదితో అతని కుడి భుజం తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

టీకా అయ్యాక తాత ఎడమచేతి మడత మెల్లగా దించుకుని వరసలోని బట్టతలాయనకేసి తిరిగాడు.

"పోయినేడు ఈ గుమ్మం దాకా వచ్చింది. 'ఇంట్లో వెయ్యి సూదులుండగా ఇక్కడికెందుకే' అని నవ్వించి వెనక్కి తీసుకుపోయింది నేనే. ఆ రెండో టీకా అప్పటి బాకీ బాబూ."