పట్టపగటి సముద్రం

“పట్టపగలా?” నోట్లో తమలపాకు నమలడం ఆపి అడిగాడు కోయస్సన్ హాజీ. “కోయా, నీకు మతిగానీ పోయిందా?”

ఇంబిచ్చికోయ మెట్టు మీద నుంచి కదల్లేదు. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, చెవి మడతలో అత్తరు దూది. వలియంగాడి బజారు గోదాముల్లో మిరియాల బస్తాలు వాసన చూసి చూసి, ముక్కు తప్ప మిగతా మనిషంతా సన్నబడిపోయాడు. అరవై దాటిన గుండె మాత్రం కుర్రాడి గుండెలా కొట్టుకుంటోంది.

“మతి ఉండబట్టే వచ్చాను హాజీయారూ. కదీశాబిని సముద్రం దగ్గరికి తీసుకెళ్తాను. పొద్దుగుంకేలోపు తెచ్చి దిగబెడతాను.”

“ఎవరైనా చూస్తే?”

“చూస్తే చూస్తారు. దాక్కోవాలనుకుంటే ఈ ఎండలో వచ్చేవాణ్ణా?”

కుట్టిచిర సందుల్లో గోడలకు చెవులే కాదు, నోళ్లు కూడా ఉంటాయి. ఎదురింటి మేడ మీద కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. దాని పక్కది కూడా తెరుచుకుంది.

ఇదంతా ఆ పొద్దున మొదలైంది. కోళికోడు చూద్దామని ఎక్కణ్ణుంచో రైలెక్కి వచ్చిన ఒక ముసలి జంట అతన్ని దారి అడిగారు. పనేమీ లేదు గనక తనే దగ్గరుండి తిప్పాడు. నాలుగంతస్తుల చెక్క మసీదు చూపించాడు, హల్వా అంగళ్లు చూపించాడు, చివరికి ఒడ్డుకి తీసుకెళ్లి, ఓడల కాలం పోయాక నీళ్లలో మిగిలిన పాత వంతెన స్తంభాలు చూపించాడు. ఆ పెద్దాయన పంచె ఎగ్గట్టి, పెళ్లాం చెయ్యి పట్టుకుని అలల్లోకి దిగాడు. ఆవిడ కెవ్వుమని, అంతలోనే పకపకా నవ్వింది.

“ఎంత అదృష్టవంతులయ్యా మీ ఊరివాళ్లు” అంది ఆవిడ ఒడ్డుకొచ్చి. “సముద్రం మీ ముంగిట్లోనే ఉంది.”

ఇంబిచ్చికోయ తలూపాడు గానీ ఆ మాట ముల్లులా దిగింది. సముద్రానికి రెండు సందుల అవతల పుట్టిన కదీశాబి, ఇల్లంతా సద్దుమణిగాక కిటికీ పక్కన కూర్చుని అతనితో ఎన్నోసార్లు అనేది, “నాకు దాని వాసనే తెలుసు, చిన్నప్పుడు చూసిన రూపం మర్చిపోయాను” అని. వాళ్లిద్దరి మాటలూ ఎప్పుడూ గుసగుసలే. ఆ గుసగుసలు ఇక చాలనుకున్నాడు. ఇంటికెళ్లి చొక్కా మార్చుకుని నేరుగా ఇక్కడికొచ్చేశాడు.

తలుపు వెనక గాజులు కదిలాయి. కదీశాబి తల్లి. ఆవిడ ఎన్నడూ అతని కంటపడింది లేదు. మాటేదైనా తమ్ముడు హాజీ ద్వారానే.

“హాజీ, ఎవరొచ్చింది?”

“ఇంబిచ్చికోయ.”

“ఈ వేళప్పుడా? ఎవరన్నా పోయారా ఏంటి?”

“ఇంకా లేదు” అన్నాడు హాజీ, అతని వైపు గుర్రుగా చూస్తూ.

“ఎప్పటిలా దీపాలు పెట్టాక రమ్మను. కోడిని కోయిస్తాను.”

“కోడి వద్దని చెప్పండి హాజీయారూ” అన్నాడు ఇంబిచ్చికోయ. “వాళ్ల అమ్మాయిని పంపమనండి.”

లోపల పళ్లెమేదో కిందపడ్డ చప్పుడైంది.

హాజీ గొంతు తగ్గించాడు. “చూడు కోయా. నువ్వు చీకట్లో వస్తావు, చీకట్లో పోతావు. ఎన్నడైనా మర్యాద తగ్గించామా? నీకొక్కడికేనా ఈ కట్టుబాటు? మా తాతా అంతే, నేనూ అంతే. చీకటి పడ్డాక ఆడవాళ్ల ఇంటికి వెళ్లడం, తెల్లారేసరికి ఎవడి తల్లి ఇల్లు వాడు చేరడం. పగలు ఆ గడప తొక్కిన మగాడు ఈ వీధిలో ఉన్నాడా?”

“లేడు. అందుకే ఎవడో ఒకడు మొదలెట్టాలి.”

ఎదురు కిటికీలోంచి ఆడగొంతు తేలి వచ్చింది. “పంపించండి హాజీయారూ. ఇద్దరి పళ్లూ కలిపినా ఒక నోటికి చాలవు. ఏం కొరుక్కుంటారని మీ భయం?”

వీధి వీధంతా నవ్వింది. హాజీ ముఖం కందగడ్డయింది. “సరే, దాన్నే అడుగు. అదే ఛీకొడుతుంది.”

అడగనక్కర్లేకపోయింది. కదీశాబి అప్పటికే మేడమెట్ల మధ్యలో నిలబడి ఉంది. ఇంబిచ్చికోయ కళ్లార్పడం మర్చిపోయాడు. దీపం వెలుతుర్లో నల్లగా అనిపించే జుట్టు సగానికి సగం నెరిసి ఉంది. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ. అది అతనికి తెలియనే తెలియదు.

“నడిచా, రిక్షాలోనా?” అడిగిందామె.

“నీ ఇష్టం.”

“నడుద్దాం. రిక్షాకి తెర ఉంటుంది.”

హాజీ నోట్లోని తమలపాకు ఉమ్మేసి పక్కకు జరిగాడు. ఆమె బయటికెళ్లే చెప్పుల కోసం ఇల్లంతా వెతికి, దొరక్క మేనకోడలివి వేసుకుంది. తలుపు వెనకనుంచి ముసలి గొంతు సణిగింది. “గొడుగన్నా పట్టుకెళ్లమను. ఎండ మండిపోతోంది.”

సందులో పేకాట ఆగింది. టీ కొట్టువాడు గ్లాసు నిండినా పోస్తూనే ఉన్నాడు.

“ఏంటి కోయా, వేళ తప్పావా?” అన్నాడొక పాత నేస్తం.

“ఇన్నాళ్లూ తప్పాను. ఇవాళే కుదిరింది.”

ఆమె తల దించలేదు. అతను అడుగు తడబడనివ్వలేదు. ఒడ్డున మొదటి అల పాదాలు తడపగానే ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది, అల వెనక్కి పోయినా వదల్లేదు.

“అందరూ మననే చూస్తున్నారు” అంది.

“చూడనీ.”

ఆమె గొడుగు పక్కకు వంచి అతని ముఖం పరీక్షగా చూసింది. “పగలు నువ్వు మరీ ముసలాడివి సుమా.”

“నువ్వేమన్నా పడుచుదానివా?”

ఇద్దరూ నవ్వుకున్నారు, ఈసారి గొంతెత్తి.

వాళ్లకు నిఖా అయి అప్పటికి నలభయ్యేళ్లు.