మేకుల చప్పుడు

"రాజమణీ! ఆ మేకులు కొట్టుడు ఆపుతవా, నన్నే గోడ దూకి రమ్మంటవా?"

గోడ మీద పక్కింటి రామానుజం తల ఒక్కటే కనిపించింది. నుదుటి నామం చెమటకు కరిగి ముక్కు మీదికి జారుతోంది. రాజమణి సుత్తి దించలేదు.

"ఇంకొక్కటే అయ్యగారూ. బాతుకు గూడు కడుతున్న."

"నిన్న కట్టినవు గద!"

"దాన్ల గుడ్డు పెడుతలేదు. గందుకే ఇంకోతాన కడుతున్న."

గౌలిపురలోని ఆ ఇంటి కొట్టంలో ఇప్పుడు బర్రెలు లేవు. ఉన్నదల్లా ఒక బాతుల జంట. బర్రెల సంగతి తప్ప బాతుల సంగతి తెలియని రాజమణి, కోళ్లకు కట్టినట్టే రెండిళ్ల మధ్య గోడకు వరసగా గంపలు కట్టి గడ్డి పరిచింది. పెట్ట బాతు వాటి వంక కన్నెత్తి చూడలేదు. పొద్దున్నే వస్తుంది. ఎవరో తరుముతున్నట్టు గబగబా నూకలు మింగి, కుడితితొట్టిలో ఒక మునక వేసి, మురుగునీళ్ల మోరి వెంబడి ఎటో మాయమవుతుంది. పోతు బాతు మాత్రం రోజంతా బొంగురు గొంతుతో కొట్టంలోనే తిరుగుతుంది.

"సరిగ ఎగరరాని దానికి ఎత్తు మీద ఇల్లేందమ్మా?" అన్నాడు రామానుజం.

"కింద పెడితే పందికొక్కులు బతకనిస్తయా? అయినా బాతుల ముచ్చట మీకేం ఎరుక? గుడ్డు మొఖం చూసినోళ్లా మీరు?"

రామానుజం ముఖం ఎర్రబడింది. "రామ రామ! నాకెందుకమ్మా ఆ ముచ్చట! గోడకు చప్పుడు చెయ్యకు, అంతే. ఇక్కడొక ప్రాణికి జర నిమ్మళం కావాలె."

ఆయన భార్య సంగతేమోనని రాజమణి వెంటనే గొంతు తగ్గించింది. "అయ్యో, ఆండాలమ్మకు పాణం బాగలేదా?"

"ఆఁ... గట్లనే అనుకో."

వీధి చివరి గుళ్లో పూలమాలల పని రామానుజానిది. స్వామికి కొత్త మాలలు వేసి, వాడిన మాలలు గంపలో ఇంటికి తెచ్చి, వారానికోసారి నీళ్లల్లో కలిపి వస్తాడు. అది గుర్తొచ్చి రాజమణి ఆశగా అడిగింది.

"అయ్యగారూ, మీ ఇంట్ల ఎండిన పూలు మస్తుంటయి గద. మెత్తగుంటయి. జరన్ని ఇయ్యరాదుండ్రి, గూట్ల పరుస్త."

"నిర్మాల్యమా? బాతు కాళ్ల కిందనా? అపచారం, అపచారం!" రామానుజం తల గోడవతల మునిగిపోయింది.

ఇదంతా వింటూ గడపలో నిలబడ్డ రాజమణి మొగుడు బాలనర్సింహ పకపకా నవ్వాడు.

"ఇగ నీ గూళ్ల పని చాలుగని, నా మాటిను. నెల దాటింది, ఒక్క గుడ్డు పెట్టలే. బార్కస్‌ల దోస్తు దావత్‌కు బాతు కావాలంటుండు. ఇచ్చేస్త."

"గీ ఒక్క గంప కట్టనీ."

"గంప కాదు, గోల్కొండ కోట కట్టినా గంతే. పెట్టేదైతే బండ మీదైనా పెడుతది."

రాజమణి సుత్తిని ఒళ్లో పెట్టుకుని కూలబడింది. "బర్రెలు పోయినంక గీ కొట్టంల పాణమున్నయి గా రెండే. పిల్లలైతే మల్ల కొట్టం నిండుతదనుకున్న."

బాలనర్సింహ ఖాళీ గుంజల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "సరే. రేపు పొద్దుగాల దాంక. అప్పటికీ గుడ్డు కనవడకుంటే మాత్రం నన్నేమనద్దు."

ఆండాలమ్మ నిద్ర చెడకుండా సుత్తికి పాత చీరపేలిక చుట్టి, మిగిలిన మేకు మెల్లగా కొట్టింది రాజమణి.

తెల్లారింది. గంపలన్నీ వెతికింది. గడ్డి పరిచింది పరిచినట్టే ఉంది.

ఎప్పటిలాగే పెట్ట బాతు వచ్చింది. నాలుగు నూకలు మింగిందో లేదో బాలనర్సింహ దాని మీద గంప బోర్లించాడు. కాళ్లు కట్టి, సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి స్కూటర్‌కు తగిలించాడు. అన్నాళ్లూ నోరు విప్పని బాతు వాడంతా లేచేలా అరవసాగింది.

"కడుపు నిండ తిననన్న తిననియ్యవైతివి," అంది రాజమణి గుంజను పట్టుకుని.

స్కూటర్ గల్లీలోకి మళ్లిందో లేదో, పక్కింటి తలుపు దభాలున తెరుచుకుంది. పిలక ముడి ఊడి, పైపంచె జారి, రామానుజం పరుగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"బార్కస్‌కు. ఇగ మీకు లొల్లి తప్పింది, ఖుషీ చేస్కోండ్రి అయ్యగారూ."

"దించు."

"ఏంది?"

"దాన్ని దించవయ్యా."

"రోజు గోడెక్కి లొల్లి చేసింది మీరే, గిప్పుడు దించుమనేది మీరే! ఏంది కథ?"

రామానుజం అటూ ఇటూ చూశాడు. చాయ్ బండి దగ్గర గ్లాసులు గాల్లోనే ఆగాయి. గుళ్లోంచి వస్తున్న పూజారులిద్దరూ నిలబడిపోయారు. రాజమణి గుమ్మంలోకి వచ్చింది.

లోపలి నుంచి ఆండాలమ్మ గొంతు, నలత అన్నదే లేకుండా, ఖంగున మోగింది. "ఏమండీ, దొరికిందా? నేను శాలువ కప్పి ఎంతసేపని కూచోను?"

రామానుజం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పూజారులు వింటున్నారని తెలిసీ, గల్లీ అంతా మారుమోగేలా అరిచాడు.

"దించవయ్యా దాన్ని! మా ఇంట్ల నిర్మాల్యం గంపల దాని గుడ్లు చల్లారిపోతున్నయి!"